పెద్దాయన పేరున ఉన్న 12 బోర్ డబుల్ బ్యారెల్: పేరు మార్పు ఎలా? (ఎయిర్ రైఫిల్, అడవిపందుల ప్రశ్నలూ ఇందులోనే)

కోవెలకుంట్ల_కుర్రోడు:
అందరికీ నమస్కారం. తాతగారి పేరున 12 బోర్ సైడ్ బై సైడ్ తుపాకీ ఉంది, లైసెన్స్ నంద్యాల జిల్లాది. ఆయన కాలం చేశారు. తుపాకీ, కొన్ని తూటాలు ఊళ్ళో బీరువాలోనే ఉన్నాయి. నాన్నకు ఆసక్తి లేదు. నేను మాదాపూర్‌లో ఉంటాను, నా పేరున మార్చుకోవాలని ఉంది. లైసెన్స్ పుస్తకంలో గడువు ఇంకా మిగిలే ఉంది కాబట్టి అప్పటిదాకా ఇంట్లో ఉంచుకోవచ్చని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా? తుపాకీ పాతది, కాల్చడానికి పనికొస్తుందో లేదో ఎలా చూడాలి?

లా_పాయింట్:
ఊళ్ళో చెప్పింది తప్పు. లైసెన్స్ మనిషికి ఇస్తారు, తుపాకీకి కాదు. మనిషి పోయిన రోజునే ఆ లైసెన్స్ పోయినట్టు. పుస్తకంలో ఏ తేదీ ఉన్నా దానికి విలువ లేదు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 21 ప్రకారం, అలా చట్టబద్ధత పోయిన ఆయుధాన్నీ తూటాలనీ అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళ మీద సెక్షన్ 25(1బి) కేసు పెట్టొచ్చు. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు. స్వయంగా తీసుకెళ్ళి అప్పగించిన వారసుల మీద కేసు పెట్టడం మామూలుగా జరగదు. ఎవరో పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశాక దొరికితే మాత్రం ఆ మర్యాద ఉండదు.

ముందు ఆ పని చేయండి. పేరు మార్పు సంగతి తర్వాత.

పన్నెండు_బోర్:
డిపాజిట్ చేసేటప్పుడు రసీదే ప్రాణం. "ఒక తుపాకీ అందినది" అని రాసి ఇస్తే తీసుకోకండి. తయారీదారు పేరు, నంబరు, బోర్, గొట్టాల పొడవు, చెక్క మీద గీతలు, పగుళ్ళు, తుప్పు ఉంటే ఎక్కడ, తూటాలు ఎన్ని, ఏ సైజువి, స్లింగ్, కేస్ ఉంటే అవీ ఎక్కాలి. నంబరు రెండుచోట్ల చూడండి: గొట్టాల అడుగున చదునుగా ఉండే భాగం మీద, యాక్షన్ (గొట్టాలు వచ్చి మూసుకునే వెనక ఇనుప భాగం) మీద. రెండూ ఒకటి కాకపోతే ఎప్పుడో గొట్టాలు మార్చారన్నమాట. లైసెన్స్ పుస్తకంలో ఏ నంబరు ఉందో చూసుకోండి, రేపు పేరు మార్పు దగ్గర అదే పెద్ద కొర్రీ అవుతుంది. ఫొటోలు ముందే తీసి పెట్టుకోండి.

స్టేషన్‌కు తీసుకెళ్ళే ముందు ఫోన్ చేసి ఎస్సైకి చెప్పండి. తుపాకీ విప్పి, గొట్టాలు వేరు, స్టాక్ (వెనక చెక్క) వేరు, తూటాలు వేరే సంచిలో. ఆటోలో భుజాన వేసుకుని వెళ్ళే వస్తువు కాదు.

లా_పాయింట్:
ఇక పేరు మార్పు. 2016 ఆయుధ నిబంధనల్లో రూల్ 25 దీని కోసమే ఉంది. రెండు దారులు. ఒకటి, లైసెన్సుదారు చనిపోతే చట్టబద్ధ వారసుడికి. రెండోది చాలామందికి తెలియదు: లైసెన్సుదారు బతికుండగానే, ఆయనకు 70 ఏళ్ళు నిండితేగానీ ఆ తుపాకీ 25 ఏళ్ళు ఆయన దగ్గర ఉంటేగానీ, ఏది ముందైతే అది, తాను ఎంచుకున్న వారసుడికి మార్పించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళ పేరున తుపాకీ ఉన్నవాళ్ళు ఈ రెండో దారి ఇప్పుడే పట్టండి. వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల సంతకాలు అన్న తలనొప్పి సగం తగ్గుతుంది.

మీకు కావలసినవి: మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులందరి నిరభ్యంతర అఫిడవిట్ (నాన్నగారు, అత్తలు, బాబాయిలు, ఒక్కరు తగ్గినా ఫైలు ఆగుతుంది), డిపాజిట్ రసీదు, పాత లైసెన్స్ పుస్తకం. వీటితో పాటు కొత్త లైసెన్స్‌కు అడిగేవన్నీ: ఏ-1 దరఖాస్తు, ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు, శారీరక మానసిక ఆరోగ్య ధ్రువపత్రం, తుపాకీ భద్రంగా దాస్తానన్న హామీ, ఆయుధ భద్రతా శిక్షణ పత్రం. 21 ఏళ్ళు నిండి ఉండాలి.

మీరు ఉండేది మాదాపూర్ కాబట్టి దరఖాస్తు సైబరాబాద్ పోలీస్ కమిషనర్‌కు. కమిషనరేట్ లేని జిల్లాల్లో అయితే కలెక్టర్‌కు. పాత లైసెన్స్ నంద్యాలది కనుక అక్కణ్ణుంచి రికార్డు ధ్రువీకరణ రావాలి. రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరం తిరగడానికే ఎక్కువ కాలం పడుతుంది. అక్కడి కలెక్టరేట్‌లో ఆ సెక్షన్ గుమస్తాను పట్టుకుని, ఉత్తరం ఏ తేదీన, ఏ నంబరుతో వెళ్ళిందో రాసుకోండి.

కోవెలకుంట్ల_కుర్రోడు:
చాలా థాంక్స్ సర్. పుస్తకంలో యూఐఎన్ అన్న నంబరు ఎక్కడా కనబడలేదు. అది సమస్యా?

లా_పాయింట్:
సమస్యే, కానీ దారి మూసుకుపోలేదు. దేశంలోని లైసెన్సులన్నీ జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కి, ఒక్కొక్కరికి ఒక్కో యూఐఎన్ రావాలి. గడువు చాలాసార్లు పొడిగించి చివరికి 2020 జూన్ 29తో ఆపారు. ఆ తర్వాత యూఐఎన్ లేని లైసెన్స్ చెల్లదు. కొన్నిసార్లు నంబరు వచ్చి ఉంటుంది, పుస్తకంలో రాయించుకుని ఉండరు. ముందు నంద్యాలలో కంప్యూటర్‌లో వెతికించండి. నిజంగానే లేకపోతే తాతగారి లైసెన్స్ అప్పటికే చెల్లనిదన్న కొర్రీ వేస్తారు. అప్పుడు వారసత్వం ప్రస్తావిస్తూనే కొత్త లైసెన్స్‌గా అడగాలి, తుపాకీ డిపాజిట్‌లో ఉందని రసీదు జతచేయాలి.

తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి, సెక్షన్ 14 ఆ హక్కు ఇస్తుంది. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని అదే సెక్షన్‌లో ఉంది. సెక్షన్ 18 కింద అప్పీలు ఉంటుంది. గడువు నెల రోజులే కనుక ఉత్తర్వు చేతికొచ్చిన తేదీ కవరుతో సహా దాచండి.

ఇంకోటి, ఒకరి దగ్గర గరిష్ఠంగా రెండు తుపాకులు. 2019 సవరణకు ముందు మూడు. వారసత్వంగా వచ్చినదీ ఈ లెక్కలోకే వస్తుంది. అదే సవరణతో లైసెన్స్ కాలం 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళయింది.

పన్నెండు_బోర్:
పాత తుపాకీ పరీక్ష గురించి అడిగారు. ఇది లైసెన్స్ వచ్చి తుపాకీ చేతికొచ్చాక చేసే పని, ఇప్పుడు బీరువాలోంచి తీసి చేసేది కాదు.

మొదట లివర్ తిప్పి, విరిచి (అంటే గొట్టాలు కిందికి వంచి తెరిచి), రెండు చాంబర్లూ (తూటా కూర్చునే చోట్లు) కంటితో చూడాలి, తర్వాత వేలు పెట్టి చూడాలి. ఆపై వరసగా:

గొట్టాల బిగువు. ఫోర్‌ఎండ్ (గొట్టాల కింది ముందు చెక్క) తీసేసి, గొట్టాలు మూసి, వెలుతురుకు ఎదురుగా పెట్టండి. గొట్టాల వెనక అంచుకూ యాక్షన్ ముఖానికీ మధ్య సన్నని వెలుగు గీత కనబడినా, ఊపితే టకటకమన్నా కీలు అరిగిందన్నమాట. మంచి మిస్త్రీ దాన్ని బిగించగలడు. ఇంట్లో రేకు ముక్క పెట్టి సర్దే తెలివితేటలు వద్దు.

గొట్టాల మోత. గొట్టాలు విడిగా తీసి కొక్కేనికి దారంతో వేలాడదీసి, వేలిగోటితో మీటండి. గంటలా మోగితే రెండు గొట్టాలనూ కలిపే పట్టీ గట్టిగా ఉన్నట్టు. టప్‌మని చచ్చుగా వస్తే పట్టీ అతుకు ఊడింది, లోపల తేమ చేరి ఉంటుంది.

గొట్టం లోపలి నీడలు. కిటికీ వైపు పెట్టి లోపలికి చూస్తే వలయాల్లా వెలుగు కనబడుతుంది. ఆ వలయం ఒకచోట వంకర తిరిగితే సొట్ట. గుండ్రంగానే ఉండి నల్లని ఉంగరంలా కనబడితే ఉబ్బు. ఉబ్బు ఉన్న గొట్టం ఇక కాల్చకూడదు. గొట్టం పైన ఇనుప తీగలు అల్లినట్టు చుక్కలు, చారలు ఉంటే అది డమాస్కస్ గొట్టం. పాత నల్ల తుపాకీమందు కాలానిది, గోడకు అలంకారంగా బాగుంటుంది. ఇప్పటి తూటాలు వేయకండి.

అసలైన ప్రమాదం చాంబర్ పొడవులో ఉంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలా వాటికి చాంబర్ 65 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు. ఇప్పుడు మార్కెట్‌లో వచ్చేవి ఎక్కువగా 70 మిల్లీమీటర్ల తూటాలు. 70 తూటా 65 చాంబర్‌లోకి సుఖంగా దూరుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. ఎందుకంటే కాల్చని తూటా మూతి లోపలికి మడిచి ఉంటుంది, పొడవు తక్కువ. 70 అన్నది కాల్చాక మడత విప్పుకున్నప్పటి కొలత. కాల్చినప్పుడు ఆ మడత చాంబర్ దాటి, గొట్టం సన్నబడే చోట విప్పుకుంటుంది, దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కదా అని కాల్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. గొట్టాల అడుగు చదును మీద ముద్రలు చదవండి. ముద్ర చెరిగిపోతే గేజ్ ఉన్న మిస్త్రీతో కొలిపించండి.

కాలిబర్_177:
పన్నెండు_బోర్ గారు చెప్పనిది ఒకటి. పాత తూటాలతో ఎక్కువగా రెండు గొడవలు వస్తాయి.

క్యాప్ (తూటా మూలలో పేలి మందును అంటించే ముక్క) తేమ తగిలి ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం ఒకటి. వెంటనే విరవకండి. గొట్టం సురక్షితమైన దిక్కుకే పెట్టి అర నిమిషం పైన ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

రెండోది ఇంకా చెడ్డది. శబ్దం మామూలుగా కాకుండా "ఫుస్" అని వచ్చి, భుజానికి తన్ను తెలియకపోవడం. మందు సరిగ్గా కాలలేదు, వాడ్ (మందుకూ గుళ్ళకూ మధ్య ఉండే బిళ్ళ) గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. అలాగే రెండో తూటా వేసి కాలిస్తే గొట్టం పగులుతుంది. శబ్దం తేడాగా వచ్చిన ప్రతిసారీ విరిచి, గొట్టంలోంచి అవతలి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి. ఉబ్బిన కాగితపు తూటాలు, ఇత్తడి మూల పచ్చబడినవి అసలు వాడకండి. లెక్క రాయించి స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో ఇచ్చేయండి. బావిలో పడేస్తే రేపు లెక్క చెప్పాల్సింది మీరే.

మచిలీపట్నం_మావయ్య:
ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసి తుప్పుతో తిరిగి తెచ్చుకునేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మల్ఖానాలో (స్టేషన్ సామాన్ల గదిలో) తేమ, దుమ్ము సహజం. మా కోస్తాలో అయితే ఉప్పుగాలి కూడా. ఇచ్చే ముందు గొట్టం బ్రష్‌తో శుభ్రంచేసి, ఆరబెట్టి, పలుచగా గ్రీజు పూయండి. కుట్టుమిషన్ నూనె నెలల తరబడి ఆగదు, జారిపోతుంది. లెదర్ కేసులో పెట్టి ఇవ్వకండి, లెదర్ తేమను పట్టి ఇనుముకు అంటిస్తుంది. నూలు గుడ్డ చుట్టి, పైన పేరు, లైసెన్స్ నంబరు రాసిన అట్ట కట్టండి. తిరిగి తెచ్చుకున్నాక ఆ గ్రీజు పూర్తిగా తుడిచాకే కాల్చాలి. గొట్టంలో గ్రీజు ముద్ద ఉంటే అదీ అడ్డంకే.

స్పోర్ట్స్ షూటర్లు, బ్యాంకు గార్డులు ఈ ఎన్నికల డిపాజిట్ నుంచి మినహాయింపుకు స్క్రీనింగ్ కమిటీకి ముందే అర్జీ పెట్టుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చాక పరిగెడితే వినే తీరిక ఎవరికీ ఉండదు.

చైతన్యపురి_చింటు:
లైసెన్స్ తలనొప్పి ఇంత ఉంటే ఎయిర్ రైఫిలే నయం కదా అన్నా? దేనికి లైసెన్స్ అక్కర్లేదు? ఆన్‌లైన్‌లో 1,000 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అన్ని అడుగుల వేగం) అని అమ్ముతున్నారు. .22 తీసుకుంటే పవర్ ఎక్కువంటగా.

కాలిబర్_177:
బ్రదర్, .22 అన్న మాట దగ్గరే ఆగిపో. లైసెన్స్ లేకుండా కొనగలిగేది 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 బోర్, మూతి దగ్గర శక్తి 20 జూల్స్ దాటనిది. రెండూ ఉండాలి. .22 ఎయిర్ రైఫిల్ ఎంత నీరసంగా ఉన్నా లైసెన్స్ కావాలి. కొనేటప్పుడు గుర్తింపు కార్డు ఇచ్చి రిజిస్టర్‌లో ఎక్కించుకుని, బిల్లు దాచుకో. బిల్లు మీద బోర్, సీరియల్ నంబరు ఉండాలి.

1,000 ఎఫ్‌పీఎస్ సంగతి. శక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. 8 గ్రెయిన్ల సీసపు పెల్లెట్ బరువు సుమారు 0.52 గ్రాములు. దానికి 20 జూల్స్ అంటే సెకనుకు దాదాపు 277 మీటర్లు, అంటే 910 ఎఫ్‌పీఎస్. మరి డబ్బా మీద 1,000 ఎలా? 0.35 గ్రాముల తేలిక లోహపు పెల్లెట్‌తో కొలుస్తారు. దానితో 1,000 వచ్చినా 16 జూల్స్ పైచిలుకే. అదే రైఫిల్‌లో బరువైన సీసం వేస్తే వేగం తగ్గుతుంది. కాబట్టి డబ్బా అంకె చూసి భయపడనూ వద్దు, మురిసిపోనూ వద్దు. గట్టి స్ప్రింగ్ మార్పించి 0.52 గ్రాముల పెల్లెట్‌తో నిజంగా 1,000 దాటిస్తే మాత్రం 24 జూల్స్ అవుతుంది. అప్పుడు నీ చేతిలో ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం.

వాడకంలో జాగ్రత్తలు: పెల్లెట్ లేకుండా కాల్చకు. ముందు గాలి మెత్త లేక పిస్టన్ నేరుగా గోడకు గుద్దుకుని సీల్ చిరుగుతుంది. గాలి రంధ్రంలో నూనె చుక్కలు వేయకు. ఒత్తిడికి ఆ నూనె అంటుకుని పొగ వస్తుంది, స్ప్రింగ్ విరుగుతుంది. విరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టం వదలకు. ట్రిగ్గర్ జారితే గొట్టం ఎగిరి మూసుకుని వేళ్ళు తీసుకెళ్తుంది. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండువైపులా తంతుంది కాబట్టి మామూలు స్కోప్ పాడవుతుంది, ఎయిర్‌గన్ కోసమని రాసినదే కొను. ముందు చెయ్యి గట్టిగా బిగించకు, అరచేతిలో ఊరికే ఆననివ్వు. టార్గెట్ మీద దెబ్బలు ఒకచోట పడకుండా చెదరడానికి సగం కారణం ఆ బిగింపే. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా తినకు.

ఆసక్తి ముదిరితే గచ్చిబౌలిలో రేంజ్ ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మధ్య పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు 2012 లండన్‌లో కాంస్యం వచ్చింది అందులోనే.

చైతన్యపురి_చింటు:
అర్థమైంది అన్నా. పిట్టల మీద ప్రాక్టీస్‌కు లైసెన్స్ అక్కర్లేదు కదా?

నల్లమల_నీడ:
అక్కర్లేనిది తుపాకీ లైసెన్స్. పిట్టను కొట్టడం వేరే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధించింది, ఎయిర్‌గన్‌తోనా ఉండేలుతోనా అన్నది అది చూడదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక జంతువులకు రెండే షెడ్యూళ్ళు. కుందేలు, అడవిపంది కూడా ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. శిక్ష 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూల్ జంతువైతే, నెమలి అందులోదే, కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా. వాడిన తుపాకీ, వాహనం జప్తు. లైసెన్స్ ఉన్నవాడికి లైసెన్సూ పోతుంది. "లైసెన్స్ ఉంది కాబట్టి షికారు చేసుకోవచ్చు" అన్నది ఎప్పుడో ముగిసిన కథ.

అట్ట డబ్బాలో పాత గుడ్డలు కుక్కి, వెనక మందపాటి చెక్క పెట్టి దాని మీద కొట్టు. రాయి మీదా ఇనుము మీదా కొడితే పెల్లెట్ కంటికే తిరిగొస్తుంది.

పాలమూరు_రైతు:
అన్నలూ, చట్టం మంచిగనే ఉంది గానీ మా మక్కచేను సంగతేంది? రాత్రి గుంపుగొచ్చి తెల్లారేసరికి నేలమట్టం జేస్తున్నయి. మాది అచ్చంపేట దిక్కు. పందుల కోసమని తుపాకి లైసెన్స్ ఇస్తరా? కొందరు కరెంటు తీగ వెడుతున్నరు.

నల్లమల_నీడ:
కరెంటు తీగ మాత్రం వద్దన్నా. చీకట్లో పందికంటే ముందు పక్క చేను మనిషి తగులుతాడు. అప్పుడది హత్యకు దగ్గరి కేసు.

లైసెన్స్ సంగతి: ఆయుధ చట్టం సెక్షన్ 13లో పంట రక్షణ కోసం మందు కూరే తుపాకీకి, రక్షణ కోసం 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోర్ (గొట్టం లోపల గాడులు లేని) తుపాకీకి లైసెన్స్ ఇవ్వడం గురించి ఉంది. కానీ మీది అచ్చంపేట కనుక అమ్రాబాద్ పులుల అభయారణ్యం అడ్డొస్తుంది. వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేకుండా కొత్త లైసెన్స్ ఇవ్వకూడదు. పాతవి ఉన్నవాళ్ళు కూడా అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఇది చాలామంది చేయరు, తనిఖీలో దొరికిపోతారు.

లైసెన్స్ ఉన్నా పందిని మీరే కాల్చలేరు. సెక్షన్ 11 కింద అనుమతి కావాలి. పంట నష్టం జరిగిన రోజే ఫొటోలు, సర్వే నంబరు, ఎన్ని గుంటలు పోయాయో రాసి రేంజ్ ఆఫీసర్‌కు అర్జీ ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పరిహారానికీ, కాల్చే అనుమతికీ అదే పునాది. అనుమతి వచ్చినా అందులో రాసిన షూటరే, రాసిన రోజుల్లోనే కాల్చాలి, తర్వాత పంచనామా. ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. కూర వండుకుంటే కేసు మళ్ళీ మొదలు.

ఈలోగా సోలార్ ఫెన్సింగ్. అది ఆగి ఆగి కొట్టే షాక్, నిలువునా కరెంటు కాదు. అడుగు తీగ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, పంది మూతితో తవ్వుతూ దూరుతుంది కాబట్టి. తీగకు గడ్డి తగిలితే షాక్ నేలలోకి పోతుంది. సోలార్ పెట్టినా పందులు ఆగలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కోయని గడ్డి. మక్క చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం వేసినా కొంత మేలు.

ఫ్రిస్కో_ప్రసాద్:
టెక్సాస్ నుంచి. ఇక్కడా అడవిపందుల బెడద ఉంది కాబట్టి మనవాళ్ళు వారాంతాల్లో వేటకు పోతుంటారు. ఒక చిక్కు చెప్పాలి. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందులకు హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఇది విని హెచ్1బీ వాళ్ళు లైసెన్స్ తీసుకోకుండా పోతున్నారు. అది తప్పు. ఫెడరల్ చట్టంలో నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడమే నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండడం అందులో ఒక మినహాయింపు. పంది కోసం రాష్ట్రం అడగకపోయినా, మీ వీసా కోసం ఆ లైసెన్స్ కావాలి.

టెక్సాస్ లైసెన్సులు మామూలుగా ఆగస్టు 31తో ముగుస్తాయి. కొత్తది తీసుకోకపోతే సెప్టెంబర్ 1న మీ ఇంట్లో ఉన్న తుపాకీ నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా, ఆపై వీసా గతి మీకే తెలుసు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను సరదాకి రేంజ్‌కు తీసుకెళ్ళి ఫొటోలు పెడుతున్నారు, వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డంకి లేదు.

కోవెలకుంట్ల_కుర్రోడు:
అందరికీ ధన్యవాదాలు. సోమవారం స్టేషన్‌లో డిపాజిట్, నాన్నతో మాట్లాడాను. ఒక్క సందేహం. తూటాల బెల్టులో కాల్చేసిన ఖాళీ డొప్పలు కూడా ఉన్నాయి. అవీ ఇవ్వాలా? ఇంకో మాట, గొట్టాలు పొడవుగా ఉన్నాయి, కారులో పట్టేలా పొట్టిగా కోయించుకోవచ్చని ఊళ్ళో ఒకాయన అన్నారు.

లా_పాయింట్:
ఆ ఊళ్ళో ఆయన మాట ఇక వినకండి. గొట్టం కోయడానికి సెక్షన్ 6 కింద విడిగా లైసెన్స్ కావాలి. లేకుండా కోస్తే, అసలు తుపాకీ సక్రమమైనా మీరు జైల్లోనే.

ఖాళీ డొప్పలు కూడా ఇచ్చేయండి. రసీదులో కాల్చని తూటాలు ఎన్నో, ఖాళీవి ఎన్నో విడివిడిగా రాయించండి. తర్వాత బెల్టు జేబులు, బీరువా అరలు, తాతగారి పాత కోటు జేబులు ఒక్కొక్కటీ తడిమి చూడండి. ఒక్క తూటా బ్యాగులో మిగిలి విమానాశ్రయం స్కానర్‌లో పడ్డ కేసులు కోర్టుల్లో చాలా ఉన్నాయి. తెలియకుండా ఉండిపోతే అది నేరం కాదని, అధీనంలో ఉందన్న ఎరుక ఉండాలని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసు నుంచీ చెబుతూనే ఉంది. అది రుజువయ్యేలోపు మీ విమానం వెళ్ళిపోతుంది, ఎఫ్‌ఐఆర్ మిగులుతుంది.

పన్నెండు_బోర్:
బెల్టు లెదర్‌దైతే తూటాలూ డొప్పలూ పచ్చబడి అతుక్కుపోయి ఉంటాయి. శ్రావణం పెట్టి లాగకండి, కాల్చని తూటా క్యాప్ నొక్కుకుంటే ప్రమాదం. బెల్టుతో సహా ఇచ్చి, "బెల్టులోనే ఉన్నవి" అని రాయించండి.